ఊపిరిదారి తెగకుండ

ఊపిరి యుండిన ఉప్పమ్ముకొనియైనను బ్రతుకవచ్చునని మన పెద్దల మాట. అన్నము లేక కొన్ని దినములు, నీరు లేక కొంతకాలము దేహము ఓర్చుకొనగలదు. గాలి లేకున్నచో మెదడు కొద్ది నిమిషములైనను ఓర్చుకొనలేదు. ఆ గాలి వచ్చి పోవు దారి యొక్కటే. ఆ దారి మూసికొనిపోయినప్పుడును, చాలకాలము యంత్రముచేత ఊపిరి నడుపవలసి వచ్చినప్పుడును, వైద్యులు మెడ ముందుభాగమున శ్వాసనాళమునకు చిన్న ద్వారము చేసి దానిలో నొక గొట్టము నుంతురు. దీనికి ట్రెకియాస్టమీ యని పేరు. సోదరీమణులారా! ఈ మాసమున ఆ విషయమే ముచ్చటింతము. పేరు వినుటకు కొత్తగా నున్నను, ఈ అవసరము ఏ యింటికైనను రాగలదు.

పక్షవాతము, న్యుమోనియా, రోడ్డు ప్రమాదములో తలకు తగిలిన దెబ్బ, కట్లపాము కాటు, పొలములలో వాడు పురుగుల మందు కడుపులోనికి పోవుట, ఇట్టి కారణములచేత మనిషి తనంతట తాను చాలినంత ఊపిరి తీసికొనలేని స్థితికి వచ్చుట కలదు. అప్పుడు ఆసుపత్రిలో ఐ.సీ.యూ. అను తీవ్రచికిత్సా విభాగమున చేర్చి, నోటిగుండ శ్వాసనాళములోనికి ఒక గొట్టమును దించి, వెంటిలేటరు అను యంత్రముతో గాలి నిత్తురు. వారము, పది దినములు గడచును. ఒకనాడు డాక్టరు బయటికి వచ్చి, "మెడవద్ద గొట్టము పెట్టవలసి యున్నది, ఈ కాగితముపై సంతకము చేయుడు" అనును. వరండాలో కూర్చుండిన ఇంటివారి గుండె ఝల్లుమనును. గొంతు కోయుదురట యను మాట క్షణములో బంధువులందఱికిని ప్రాకిపోవును.

అప్పుడు కలుగు భయములు మూడు. ఇక ఆశ లేదు గనుకనే ఈ పని చేయుచున్నారని ఒకటి. మాట శాశ్వతముగా పోవునని రెండవది. ఆ ఆపరేషనులోనే ప్రాణము పోవునేమో యని మూడవది. వీనిలో మొదటి రెండును చాలవరకు అపోహలే. మూడవదానిలో కొంత నిజము కలదు. ఆ కొంతను తప్పించుటకే వైద్యులు ఎంతో ముందుజాగ్రత్త పడుదురు. ఈ మూడింటిని మించిన సంగతి మఱొకటి కలదు. దానిని గూర్చి ఎవరును భయపడరు, అడుగరు. అది ఆ గొట్టము పెట్టిన తరువాతి కాపుదల.

ఇక్కడ ఒక మాట మొగమాటము లేక చెప్పవలెను. ఆ కాగితముపై సంతకము చేయువారు తఱచుగా ఇంటి మగవారు. గొట్టముతో రోగి ఇంటికి వచ్చిన పిమ్మట, రాత్రులు మేల్కొని ఆ ఊపిరి చప్పుడు వినువారు తఱచుగా తల్లియో, భార్యయో, కోడలో, కూతురో. కావున డాక్టరు విషయము వివరించునప్పుడు, 'ఆడవారికెందుకు, భయపడుదురు' అని వారిని దూరముగా నుంచుట న్యాయము కాదు, క్షేమమును కాదు. కాపు కాయవలసినవారు ముందుగా వినవలెను, అడుగవలెను.

మొదట ఆ దారి యెట్లుండునో చూతము. పెద్దవారిలో శ్వాసనాళము సుమారు 10 మొదలు 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు గలది. అది అణగిపోకుండ 16 మొదలు 20 వరకు మెత్తని ఎముకవంటి పట్టీలు దానిని నిలుపుచుండును. అవి గాజులవలె పూర్తి వలయములు కావు. వెనుకవైపు తెఱపియుండి గుఱ్ఱపునాడాలవలె నుండును. ఆ వెనుకనే అన్నము పోవు గొట్టము. పైభాగమున మాటను పుట్టించు స్వరపేటిక. వైద్యులు ద్వారము చేయునది స్వరపేటికకు దిగువను, సాధారణముగా రెండు మూడు పట్టీల యొద్దను. కావున గొంతు కోయుట యను మాట తప్పు. స్వరపేటికను వారు ముట్టరు.

నోటిలో గొట్టము ఉండగా మఱల మెడవద్ద నేల? నోటి గొట్టము స్వరతంత్రుల నడుమనుండి దిగవలెను. దినములు గడచినకొలది అది వానిని ఒరసికొనును. రోగి దానిని సహింపలేడు గనుక మత్తుమందులు ఎక్కువగా నీయవలసి వచ్చును. నోరు శుభ్రపఱచుట కష్టము. లేచి కూర్చుండుట కష్టము. మెడవద్ద గొట్టము పొట్టిది, ఒరిపిడి తక్కువ. మత్తు తగ్గింపవచ్చును. రోగి కన్నులు తెఱచి మనవారిని గుర్తుపట్టును, పెదవులు కదల్చును, కుర్చీలో కూర్చుండును. యంత్రమును కొంత కొంతగా తగ్గించి, స్వంత ఊపిరి అలవాటు చేయుటకు ఇది అనుకూలము. ఇది ఆశ వదలుకొన్నవారు చేయు పని కాదు. కోలుకొనుటకు కొంతకాలము పట్టునని యెంచి, ఆ కాలమునకు వసతి కల్పించుట.

ఐనచో ఎంత త్వరగా చేసిన అంత మంచిదా? ఈ ప్రశ్నకు సమాధానముగా బ్రిటనులో ట్రాక్‌మాన్ అను పెద్ద పరిశోధన జరిగెను. దాని ఫలితములు 2013లో ప్రకటింపబడినవి. 909 మంది రోగులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు మొదటి 4 దినములలోనే గొట్టము పెట్టుటకును, రెండవ తెగకు 10 దినములు ఆగి అప్పటికిని అవసరమైనచో పెట్టుటకును నిర్ణయించిరి. 30 దినములలో మరణించినవారు మొదటి తెగలో నూటికి 30.8, రెండవ తెగలో 31.5. అనగా భేదము లేనట్లే. అంతకంటె గమనింపదగినది మఱొకటి: ఆగిన తెగలో సగమునకు మించి రోగులకు గొట్టమే పెట్టవలసిన పని లేకపోయెను. కావున డాక్టరు చెప్పినంతనే బెదరి కాదనుటయు తగదు, "ఇంకను రెండు దినములు చూచుటకు వీలున్నదా? ఇప్పుడే ఏల?" అని మర్యాదగా అడుగుట తప్పును కాదు. గొంతులో కంతి గాని వాపు గాని దారిని మూయుచున్న సందర్భము మాత్రము వేఱు. అచ్చట ఆలోచనకు గంటలు ఉండవు.

ఇక మూడవ భయము. ఆపరేషనులో నిజమైన అపాయము కత్తిలో కంటె ఊపిరి తెగుటలో ఎక్కువగా నున్నది. దీనిని తెలుపు చరిత్ర యొకటి కలదు.

1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగెను నగరములో పోలియో వ్యాధి మహామారివలె చెలరేగెను. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో అప్పటి శ్వాసయంత్రములలో నుంచిన మొదటి 31 మందిలో 27 మంది మూడు వారములలో మరణించిరి. ఆగష్టు 27వ తేదీన, పండ్రెండేండ్ల బాలిక యొకతె ఊపిరాడక కొనప్రాణముతో నుండగా, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుని పిలిపించిరి. ఆమెకు మెడవద్ద ద్వారము చేసి, చుట్టును గాలిబుడగ గల గొట్టమును పెట్టిరి. ద్వారము సరిగానే చేసిరి. గొట్టమును సరిగానే దించిరి. ఐనను గాలి లోపలికి పోలేదు. శ్వాసమార్గములు బిగిసికొని, కఫము నిండి, బాలిక గాలికై పెనగులాడుచు, ఇబ్సెను చేతిసంచితో ఇచ్చు గాలిని అడ్డగించుచుండెను. అప్పుడు ఆయన పెంటొథాల్ అను మత్తుమందు నిచ్చెను. పెనగులాట ఆగెను, ఆమె స్వంత ఊపిరియు ఆగెను. ఆ క్షణముననే సంచి పిసికి గాలి నీయగా రొమ్ము పైకి లేచెను; కఫము పీల్చి తీయగా ఆమె రంగు తేఱుకొనెను. బాలిక బ్రతికెను.

ఆ తరువాత సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా, రేయింబవళ్లు, నెలలతరబడి రోగుల ప్రక్కన కూర్చుండి రబ్బరు సంచులను చేత పిసికిరి. నూటికి 87గా నున్న మరణములు క్రమముగా సుమారు పాతికకు దిగినవి. 1953 డిసెంబరులో ఇబ్సెను ఆ నగరముననే తీవ్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. నేటి ఐ.సీ.యూ.లకు అది మూలము. ఈ కథలో మనము గ్రహింపవలసినది యేమి? ద్వారము చేయుట సగము పనియే. ఆ ద్వారముగుండ ఊపిరి పోవుచున్నదా యని కనిపెట్టి, పోనిచో తక్షణము ఉపాయము చేయువాడు ప్రక్కన నుండుట మిగిలిన సగము.

నేడు ఈ పని రెండు విధముల జరుగును. ఒకటి, ఆపరేషను గదిలో శస్త్రవైద్యుడు కోసి చేయునది. రెండవది, రోగిని కదల్పక మంచము వద్దనే సూదితో శ్వాసనాళమును చేరి, సన్నని తీగ దించి, ఆ తీగ వెంబడి రంధ్రమును మెల్లగా వెడల్పు చేసి గొట్టమును దించునది. ఈ రెండవ పద్ధతికి నేటి రూపమును ఇచ్చినవాడు అమెరికా శస్త్రవైద్యుడు సియాగ్లియా. ఆయన దానిని 1985లో ప్రకటించెను. మెడ నిర్మాణమును, రక్తము గడ్డకట్టు శక్తిని, యంత్రము వలన రోగికి ఎంత సహాయము కావలసియున్నదో దానిని చూచి, ఏది తగినదో వైద్యులు నిర్ణయింతురు.

ఏ విధమైనను ఇద్దఱు వైద్యులు కావలెను. ఒకరు మెడవద్ద, ఒకరు తలవద్ద. తలవద్ద నిలుచు వైద్యునకు పని యొక్కటే, ఊపిరిదారిని కాచుట. కొన్ని గంటలు ముందుగా ఆహారము ఆపుదురు, కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడకుండుటకు. భుజముల క్రింద మెత్త పెట్టి మెడ చాచునట్లు చేయుదురు. పూర్తిగా ప్రాణవాయువునే ఇచ్చి, ఊపిరితిత్తులలో నిలువ చేయుదురు. ఒకవేళ కొద్దిసేపు ఊపిరి తెగినను ఆ నిలువ ఆదుకొనును. నొప్పి తెలియకుండ మత్తును, దగ్గు రాకుండ కండరములు సడలు మందును ఇత్తురు.

తరువాతి ఘట్టము సున్నితమైనది. నోటి గొట్టము అట్లే యుండినచో మెడనుండి వచ్చు సూది దానికి గాని దాని గాలిబుడగకు గాని గ్రుచ్చుకొనును. కావున తలవద్దనున్న వైద్యుడు దానిని మెల్లగా పైకి లాగవలెను. ఎక్కువ లాగినచో అది పూర్తిగా ఊడివచ్చును. తక్కువ లాగినచో సూదికి అడ్డము వచ్చును. అందుచేత ఆయన గొంతులోనికి చూచు పరికరమును చేతనుంచుకొని, గొట్టము ఎంతవరకు వచ్చినదో చూచుచు లాగును. గొట్టము ఊడినచో మఱల దించుటకు వేఱొక గొట్టము, ముఖముపై మూయు మాస్కు, గాలిసంచి సిద్ధముగా నుండును. చాల ఆసుపత్రులలో బ్రాంకోస్కోపు అను సన్నని దుర్భిణిని లోపలికి పంపి, సూది శ్వాసనాళపు నడిమధ్యను దిగుచున్నదా, వెనుక గోడను తాకుచున్నదా యని చూచుచుందురు.

మెడ గొట్టము దిగిన వెంటనే నోటి గొట్టమును తీసివేయరు. రెండు పడవలపై కాళ్లు పెట్టరాదని లోకోక్తి. ఇచ్చట మాత్రము రెండవ పడవ నిలిచినదని రూఢి యగువరకు మొదటి పడవను విడువరాదు. ఆ రూఢి యెట్లు? మనము విడుచు గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉండును. కాప్నోగ్రాఫు అను యంత్రము దానిని కొలిచి, ప్రతి నిశ్వాసమునకును తెరపై చిన్న గుట్టవంటి గీత గీయును. గుట్ట తర్వాత గుట్ట కనబడినచో గొట్టము శ్వాసనాళములోనే యున్నది. గీత చదునుగా సాగినచో గొట్టము దారి తప్పినదేమో యని మొదట అనుమానింపవలెను. ఆ యంత్రమును వాడకపోవుట ఐ.సీ.యూ.లలో జరిగిన పెక్కు మరణములకు తోడైనదని, జారిపోయిన మెడ గొట్టములు అచ్చటి పెద్ద ముప్పులలో నొకటి యని, బ్రిటనులోని మత్తువైద్యుల సంఘములు జరిపి 2011లో ప్రకటించిన పరిశీలన తెలిపెను. కావున డాక్టరును అడుగదగిన ప్రశ్నలలో ఇది యొకటి: "తలవద్ద వేఱుగా నొక వైద్యుడు ఉండునా? విడిచిన గాలిని చూపు యంత్రము అమర్తురా?" ఈ ప్రశ్నకు మంచి వైద్యుడు కోపింపడు, సంతోషించును.

పెట్టిన తరువాత మొదటి వారము, పది దినములు మిక్కిలి జాగ్రత్త కాలము. చర్మమునుండి శ్వాసనాళమువరకు ఏర్పడిన దారి ఇంకను గట్టిపడదు. అప్పుడు గొట్టము జారివచ్చినచో ఆ దారి మూసికొనును; తిరిగి గ్రుడ్డిగా నెట్టినచో గొట్టము కండలోనికి పోవునే గాని శ్వాసనాళములోనికి పోదు. రోగిని ప్రక్కకు త్రిప్పునప్పుడును, పక్కబట్టలు మార్చునప్పుడును యంత్రపు గొట్టములు లాగికొనకుండ ఒకరు పట్టుకొనవలెను. చూచుటకు వచ్చిన బంధువులు ప్రేమతో రోగిని కౌగిలించుకొనుట, మంచముపై కూర్చుండుట ఈ దినములలో కూడదు.

ఇక ఇంటికి వచ్చిన తరువాతి మాట. అందఱును గొట్టముతో ఇంటికి రారు. చాలమందికి ఆసుపత్రిలోనే తీసివేయుదురు. వచ్చినవారి విషయమున ఇల్లాలు ఎఱుగవలసినవి కొన్ని కలవు. వీనిని చదివి నేర్చుకొనుట చాలదు. ఆసుపత్రి విడుచుటకు ముందే నర్సు ఎదుట తన చేతులతో చేసి చూపి, సరియని యనిపించుకొనవలెను. ఇంటిలో ఒక్కరు కాదు, ఇద్దఱు నేర్చుకొనవలెను. ఒకరు నిద్రపోవుటకును హక్కు కలదు గదా.

ముక్కు మనకు ఉచితముగా చేయు సేవ గొప్పది. బయటి గాలిని వడగట్టి, వెచ్చజేసి, తడిపి పంపును. మెడ గొట్టమునకు ముక్కు లేదు. పొడి గాలి నేరుగా లోపలికి పోగా కఫము ఎండి, బంకవలె అంటి, గొట్టమును మూయును. గొట్టము మూసికొనుటయే ఇంటిలో రాగల ప్రధానమైన ఆపద. అందుచేత గాలిని తడుపు చిన్న సాధనమును గొట్టపు మొనకు తగిలింతురు, దానిని తీసివేయరాదు. చాల గొట్టములలో లోపల మఱొక సన్నని గొట్టము ఉండును. కఫము పట్టినచో ఆ లోగొట్టమును మాత్రము తీసి కడిగి మఱల పెట్టవచ్చును. దానిని దినమునకు ఎన్ని మారులు చూడవలెనో డాక్టరు చెప్పినట్లు తప్పక చేయవలెను.

కఫమును సక్షను యంత్రముతో తీయునప్పుడు చేతులు సబ్బుతో కడుగుకొని, శుభ్రమైన సన్నగొట్టమును వాడవలెను. ఒక్కొక్క మారు 10 మొదలు 15 సెకండ్లకు మించరాదు. పీల్చునంతసేపు రోగికి ఊపిరి యాడదు. మనము కూడ ఆ సేపు ఊపిరి బిగబట్టినచో, ఎప్పుడు ఆపవలెనో మనకే తెలియును. మెడ చుట్టు కట్టిన పట్టీ క్రింద ఒక వ్రేలు దూరునంత సందుండవలెను. అంతకంటె వదులైనచో గొట్టము జారును, బిగువైనచో చర్మము ఒరయును.

వంటింటి సంగతి మఱువరాదు. ఎండుమిరపకాయల పోపు ఘాటు, పొయ్యి పొగ, సాంబ్రాణి, అగరువత్తులు, దోమలచుట్ట, ఇల్లు చిమ్మునప్పుడు లేచు దుమ్ము, మెడకు చల్లు పౌడరు, ఇవన్నియు వడపోత లేక నేరుగా ఊపిరితిత్తులకే పోవును. రోగి గదిని వంటింటికి దూరముగా నేర్పఱుపవలెను. దేవునికి ధూపము వేయుట అత్తగారికి నిత్యవ్రతమైనచో, పూవు పెట్టిన చాలునని ఆమెకు నచ్చజెప్పవలెను. స్నానమున నీరు మెడపైకి రాకుండ చూడవలెను. తలస్నానము చేయించునప్పుడు తల వెనుకకు వాల్చి, మెడవద్ద తువ్వాలు అడ్డుగా నుంచవలెను. దీవింపవచ్చిన ముత్తైదువ చీరకొంగు గొట్టముపై పడి మూయకుండ కనిపెట్టవలెను.

ఆపద చిహ్నములు ఇవి: ఈలవంటి చప్పుడు; మెడ కండరములు, డొక్కలు లోనికి గుంజుకొనుట; చెమట, కలవరపాటు; పెదవులు నీలివన్నె తిరుగుట. అప్పుడు చేయవలసిన వరుస నిది. మొదట సహాయమునకు కేక వేసి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనైనచో 108కి ఫోను చేయింపవలెను. ప్రాణవాయువు ఇంటిలో నున్నచో ముఖమునకును మెడకును రెండుచోట్ల నీయవలెను. మాట కవాటము గాని మూత గాని గొట్టమునకు తగిలించియున్నచో దానిని తీసివేయవలెను. తరువాత లోగొట్టమును బయటికి తీయవలెను. అనేక పర్యాయములు అంతటితోనే ఊపిరి యాడును. ఆడకున్నచో సక్షను గొట్టమును లోపలికి పంపి చూడవలెను. అది దిగకున్నచో గొట్టము మూసికొన్నదన్నమాట. గాలిబుడగ యున్నచో దానిలోని గాలి తీసివేయవలెను. అప్పటికిని ఊపిరి యాడకున్నచో, మూసికొన్న గొట్టమును ఉంచుటవలన లాభము లేదు. నేర్పినట్లు దానిని తీసి, నోటిగుండను, మెడ ద్వారముగుండను గాలి పోవు నవకాశము కల్పింపవలెను. అదే కొలతది యొకటి, దానికంటె ఒక కొలత చిన్నది యొకటి, రెండు గొట్టములు ఎల్లప్పుడును మంచమువద్ద నుండవలసినది ఇందుకే. అవి బీరువాలో తాళము వేసి యున్నచో లేనట్లే.

క్యాన్సరు మొదలగు వ్యాధులచేత స్వరపేటికనే పూర్తిగా తీసివేసిన వారి సంగతి వేఱు. వారికి నోటికిని ఊపిరితిత్తులకును సంబంధమే యుండదు. మెడ ద్వారమొక్కటే దారి. నోటిపై మాస్కు పెట్టిన ప్రయోజనము లేదు. మన రోగి ఏ తెగకు చెందినవాడో ముందే తెలిసియుండవలెను.

మఱియొక సంగతి. కొన్ని దినములు గాని వారములు గాని గడచిన పిమ్మట గొట్టమునుండి ఎఱ్ఱని నెత్తురు హఠాత్తుగా వచ్చినచో, అది కొంచెమే యైనను, తనంతట ఆగినను, ఆ దినమే ఆసుపత్రికి కొనిపోవలెను. అరుదుగా అది పెద్ద రక్తనాళము ఒరసికొనుటకు ముందు వచ్చు హెచ్చరిక యగును.

మాట గూర్చిన భయమునకు ఇప్పుడు సమాధానము చెప్పుదము. గాలి స్వరపేటికకు దిగువనుండియే బయటికి పోవుచున్నది గనుక గాలిబుడగ ఉబ్బియున్నంతకాలము శబ్దము రాదు. స్వరపేటిక చెడినదని కాదు. ఆ దినములలో పలకయు బలపమును, లేదా అక్షరములు, బొమ్మలు వ్రాసిన అట్టయు ఇచ్చినచో రోగికి సగము బాధ తగ్గును. దాహము, నొప్పి, ప్రక్కకు త్రిప్పుడు, దీపము ఆర్పుడు, ఇట్టి మాటలు ముందే వ్రాసి యుంచిన వ్రేలితో చూపును. రోగికి మాట లేదే గాని వినికిడి కలదు. మంచమువద్ద నిలిచి అతని యాయుర్దాయము గూర్చి గుసగుసలాడరాదు. బలము చేకూరిన పిమ్మట గాలిబుడగను దించి, మాట కవాటమును తగిలింతురు. అది గాలిని లోపలికి రానిచ్చి, బయటికి స్వరపేటికగుండ పంపును; మాట వచ్చును. బుడగ ఉబ్బియుండగా మాత్రము ఆ కవాటమును ఎన్నడును తగిలింపరాదు. గాలి లోపలికి పోవునే గాని బయటికి రాదు; ఊపిరి బిగిసిపోవును. ఈ ఒక్క నియమమును ఇంటిలో అందఱును కంఠస్థము చేయవలెను.

మ్రింగుట కుదిరినదని పరీక్షించి చెప్పినపిమ్మటనే నోటికి ఆహారము పెట్టవలెను. 'రెండు చెంచాల పాలు పోసిన ఏమగును' అని పోయరాదు. దగ్గి కఫమును బయటికి తెచ్చు బలము వచ్చి, యంత్రముతో పని తీఱినప్పుడు గొట్టమును తీసివేయుదురు. ద్వారము సాధారణముగా కొన్ని దినములు మొదలు కొన్ని వారములలో తనంతట మూసికొనును. చిన్న మచ్చ మిగులును.

కడపట చేయదగిన పని యొకటి చెప్పి ముగింతును. ఒక అట్టపై పెద్ద అక్షరములతో ఈ సంగతులు వ్రాసి మంచము తలవైపున అంటింపుడు: గొట్టము పెట్టిన తేదీ, దాని కొలత, లోగొట్టము ఉన్నదా, గాలిబుడగ ఉన్నదా, నోటిగుండ ఊపిరి పోవు దారి తెఱచియున్నదా లేదా, మార్చవలసిన తేదీ, డాక్టరు ఫోను నంబరు. బ్రిటనులోని ఆసుపత్రులలో ఇట్టి పలకను ప్రతి రోగి తలవద్దను ఉంచు పద్ధతి కలదు. అర్ధరాత్రి వచ్చిన పొరుగువారికిని, అంబులెన్సు మనిషికిని ఆ అట్ట చెప్పును. అప్పుడు ఇల్లాలు వివరించుటకై రోగిని విడిచి లేవనక్కఱలేదు. ఆమె చేయి ఊపిరిదారి మీదనే యుండవచ్చును.